మూడో తలుపు

ఆ ఆసుపత్రికి ప్రహరీ లేదు. గోడ నేరుగా వీధిలోకే ఉంటుంది. పొడుగాటి ఆ గోడకు మూడు తలుపులు. మొదటిది చక్కెర జబ్బుకు, రెండోది ఊపిరితిత్తులకు, మూడోది తాగుడు మాన్పించడానికి. ఒక్కో తలుపు పక్కన రాత కోసం తెల్లటి చదరం ఒకటి వదిలి, మిగతా గోడంతా నీలం పూశారు. ఆ చదరాల్లో రాసే పని అక్కాతమ్ముళ్ళకు దొరికింది.

తమ్ముడు గీస్తాడు, అక్క నింపుతుంది. వాళ్ళ పని ఎప్పుడూ అంతే. నీలం పొడి అద్దిన దారాన్ని చెరో కొసా పట్టుకుని గోడకు బిగించి, మధ్యలో లాగి వదిలితే టప్పుమని ఒక తిన్నని గీత పడుతుంది. ఆ గీతల మధ్య తమ్ముడు సన్న బ్రష్షుతో అక్షరాల అంచులు గీసుకుంటూ పోతాడు. వెనకాలే అక్క, రెండు డ్రమ్ముల మీద వేసిన చెక్క మీద నిలబడి, చదును బ్రష్షుతో ఆ బోలు అక్షరాల్లో రంగు నింపుతుంది.

నింపడంలో ఆమెకో పద్ధతి ఉంది. అక్షరం తర్వాత అక్షరం నింపదు. ముందు వరసంతా తలకట్లు నింపేస్తుంది. వాటిని టోపీలంటుంది. ఆ తర్వాత కడుపులు. చివర్న కింద వేలాడే ఒత్తులు. అలా అయితే చెయ్యి ఒకే వాటంలో పోతుంది, రంగు కారదు. ఏం రాసి ఉందో తెలియకుండానే ఊళ్ళో సగం గోడలు అలా నింపింది. కిందటేడు తమ్ముడు తాగుడు మానిన కొత్తలో చేతులు వణికి గీత నిలిచేది కాదు. ఊరికే కూచోలేక, ఇంట్లో బండల మీద సుద్దముక్కతో ఆమెకు అక్షరాలు దిద్దించాడు. ఇప్పుడామెకు కూడబలుక్కుని చదవడం వచ్చు. అయినా గోడ ముందు నిలబడితే చెయ్యి పాత దారినే పోయేది.

మొదటి రెండు చదరాలూ హాయిగా సాగాయి. ప్రచార కార్యాలయం వాళ్ళిచ్చిన కాగితం చూసి తమ్ముడు పైకి చదివాడు.

"విను అక్కా. చక్కెర జబ్బు ఉన్నవారు ఈ తలుపున రండి. పరగడుపున రండి."

"పరగడుపునా? పాపం, ఎంతసేపు కూచోబెడతారో."

"నీకెందుకక్కా, నీకు చక్కెర జబ్బా?"

"చక్కెర కొనడానికే చూసి చూసి కొంటున్నా. ఇంక జబ్బెక్కడ కొనను!"

తమ్ముడు నవ్వాడు. నవ్వితే వాడి బ్రష్షు కదిలేది కాదు, భుజాలు మాత్రమే కదిలేవి. అది వాడి గొప్ప.

మూడో చదరం దగ్గరికి వచ్చాక వాడు కాగితం విప్పాడు. చదివాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మ్యాటరు చదవవేంరా?"

"ఏముంది, మామూలే. దీనికి ఎరుపు వాడమన్నారు. డబ్బా కలుపు."

ఎదురుగా టీకొట్టు. కొట్టువాడు గ్లాసులు కడుగుతూ అక్కణ్ణించే కేకేశాడు.

"ఏం సీసా! గీతలు తిన్నగా పడుతున్నాయే! పొద్దున్నే ఏమన్నా పడిందా?"

తమ్ముడిని ఆ వీధంతా సీసా అనే పిలుస్తుంది. ఆమెను సీసా అక్క అంటుంది. వాడు సీసా ముట్టి ఏడాది కావస్తోంది, పేరు మాత్రం ఊడిరాలేదు. రోజూ అయితే తమ్ముడు ఏదో ఒకటి తిరిగి అంటాడు. నీ టీ తాగడం కంటే ఆ బ్రష్షు కడిగిన నీళ్ళు తాగడం నయమంటాడు. ఆ రోజు వినపడనట్టే ఉన్నాడు. అక్షరాలు కూడా ఎప్పటిలా గియ్యలేదు. ముందు వరసంతా పైపై గీతలు గీశాడు, మళ్ళీ మొదటికొచ్చి కింది భాగాలు గీశాడు. ఆమెకది వింతగా తోచింది కానీ అడగలేదు. పని చేసేటప్పుడు మనిషిని కదిలించకూడదు.

ఎర్ర రంగు చిక్కగా పట్టింది. టోపీలన్నీ అయ్యాక కడుపులు నింపింది. రెండో వరసలో ఒక ఒత్తు కాస్త ఇరుకుగా ఉంటే, బ్రష్షు అంచును నాలుకతో తడిపినంత నాజూగ్గా తిప్పి నింపింది. వెనక్కి జరిగి చూసుకుంది. ఎంత బాగా కుదిరిందో అనుకుంది.

*

బుధవారం పొద్దున తమ్ముడు ఎక్కడ పనిలో ఉన్నా సరే, చేతులు కడుక్కుని ఈ మూడో తలుపుకు రావలసిందే. లోపల నర్సమ్మ ఉంటుంది. గుండ్రంగా కుర్చీలుంటాయి. తనలాంటి వాళ్ళే పది మంది దాకా కూచుని వారం ఎలా గడిచిందో చెప్పుకుంటారు. అక్కడ ఏం మాట్లాడతారో ఆమెకు తెలియదు. బయటికొచ్చినప్పుడు తమ్ముడి ముఖం ఉతికి ఆరేసిన బట్టలా ఉంటుందని మాత్రం తెలుసు.

ఆ బుధవారం వాళ్ళు ఆ తలుపు పక్కనే ఉన్నారు. చెయ్యి చాపితే అందుతుంది.

తమ్ముడు కిరసనాయిలు గుడ్డతో చేతులు రుద్దుకున్నాడు. సబ్బుతో కడిగాడు. గోళ్ళు చూసుకున్నాడు. మళ్ళీ కిరసనాయిలు పోసుకుని రుద్దాడు. మళ్ళీ చూసుకున్నాడు. ఆ తర్వాత బ్రష్షు తీసుకుని రెండో చదరం అంచుకు ఇంకో గీత వెయ్యడం మొదలుపెట్టాడు. ఆ అంచుకు ఇంకో గీత అక్కర్లేదు.

"టైమైందిరా."

"ఈ బార్డరు చూసుకుని..."

"బార్డరు నేను చూస్తాలే. నువ్వు లోపలికెళ్ళు."

"ఇవాళ వెళ్ళను."

"ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది."

గోడ వైపే ముఖం పెట్టుకుని అన్నాడు. ఆమె భర్త కూడా చివరిదాకా "బానే ఉంది" అంటూనే పోయాడు.

మూడో తలుపు తెరుచుకుని ఉంది. లోపల కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది. తమ్ముడు చెవి అటే ఉన్నట్టుంది, బ్రష్షు ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది.

సాయంత్రం ఇంట్లో వాడికి అన్నం పెడుతూ ఆమె అవసరానికి మించి వంగింది. కంచం అందుకుంటున్న తమ్ముడు తలెత్తాడు.

"వాసన చూశావా అక్కా?"

"లేదురా. పులుసు ఒలుకుతుందేమోనని..."

"చూడు."

"అబ్బే, ఊరుకో."

"చూడమంటున్నా." కంచం కింద పెట్టి, ఆమె ముఖం దగ్గరికి వచ్చి, నోరు తెరిచి గట్టిగా ఊపిరి వదిలాడు. కిరసనాయిలు, టీ, ఆకలి. ఇంకేం లేదు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. వాడు తల వంచుకుని అన్నం కలిపాడు. ఆమె గిన్నె మీద మూత పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది.

*

మర్నాడు తమ్ముడు టర్పెంటు కొనుక్కురావడానికి వెళ్ళాడు. ఆమె మూడో చదరం కింద నేల మీద పడ్డ ఎర్ర చుక్కల్ని బ్లేడుతో గీకుతోంది. అప్పుడొచ్చారు ఒక మొగుడూ పెళ్ళాం.

మగమనిషి సన్నగా ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా మెడ దాకా బొత్తాలు పెట్టుకున్నాడు. తల తడిపి దువ్వుకున్నాడు. గెడ్డం మీద కోసుకున్న గాటు ఇంకా పచ్చిగా ఉంది. ఆ గాటు ఆమెకు తెలుసు. వణికే చేత్తో గీసుకుంటే పడే గాటది. పెళ్ళాం అతని చెయ్యి పట్టుకోలేదు, మణికట్టు పట్టుకుంది. వదిలితే జారిపోయే తాడును పట్టుకున్నట్టు పట్టుకుంది.

మొదటి తలుపు దాటారు, రెండోది దాటారు. మూడో తలుపు దగ్గర అతను ఆగాడు. గోడ చదివాడు. పెదాలు కదిలాయి. ఆమె చూస్తుండగానే ఆ ముఖంలో నెత్తురంతా ఎక్కడికో దిగిపోయింది.

"ఇక్కడ కాదు" అన్నాడు.

"ఇక్కడేనయ్యా. మూడో తలుపని నర్సమ్మే చెప్పింది."

"కాదన్నానా?"

మణికట్టు విడిపించుకున్నాడు. వచ్చిన దారినే వెళ్ళాడు. పరిగెత్తలేదు, తిట్టలేదు. అతను అరిచి ఉంటే బాగుండేదనిపించింది ఆమెకు.

పెళ్ళాం వెంటపడలేదు. గోడకేసి చూస్తూ నిలబడింది. మూసేసిన కొట్టు ముందు నిలబడ్డట్టుంది.

"అక్కా, ఏం రాసుందక్కడ? రావడానికి వారం బతిమాలాను. ఇక్కడిదాకా బాగానే వచ్చాడు. అది చూసే తిరిగిపోయాడు. ఏముందందులో?"

ఆమె లేచి నిలబడింది. తలకట్లు కాదు, కడుపులు కాదు, మొదటిసారి వరసగా చూసింది. తా. గు. బో. తు. ఒక్కో అక్షరం నోట్లో నలిగింది. తాగుబోతు బతుకు కుక్క బతుకు. ఇంటికి చేటు, వీధికి రోత.

అంత నాజూగ్గా తను నింపుకున్న ఒత్తు కుక్కలోది.

"ఏముందక్కా?"

"నాకు చదవడం రాదమ్మా" అంది ఆమె. "రంగేస్తాను, అంతే."

పెళ్ళాం తల ఊపింది. తనలాంటిదే కదా అన్నట్టు ఊపింది. కొంగు భుజం మీదికి లాక్కుని, మొగుడు పోయిన వైపే నడిచిపోయింది.

*

తమ్ముడు వచ్చేసరికి ఆమె డ్రమ్ము మీద కూచుని ఉంది.

"ఇదేంట్రా?"

వాడు గోడ చూశాడు, ఆమెను చూశాడు. టర్పెంటు సీసా కింద పెట్టాడు. "చదివావా? ఎప్పుడు చదువుతావో అనుకుంటున్నా."

"నా చేత నింపించావు."

"చెబితే నింపేదానివా?"

"నువ్వెట్లా గీశావురా దీన్ని? నీ చేతులెట్లా వచ్చాయి?"

"నీ దగ్గర నేర్చుకున్నదే అక్కా. ముందు టోపీలు గీశాను. తర్వాత కడుపులు. మాట కంటబడకుండా గీశాను."

ఎదురు టీకొట్టు దగ్గర ఎవరో పెద్దగా నవ్వారు. తమ్ముడు నేల మీద గొంతుక్కూచుని గోళ్ళు చూసుకున్నాడు.

"నిన్న రెండుసార్లు కడిగాను. గోరు సందున ఎరుపు పోలేదు. ఆ చేతులతో వెళ్ళి ఆ కుర్చీలో కూచుంటే నర్సమ్మ అడుగుతుంది, వారమెలా గడిచిందని. ఏం చెప్పను? బయట నన్ను నేనే కుక్కనని రాసుకుని లోపలికొచ్చానమ్మా అననా?"

ఆమె వాడి గోళ్ళకేసి చూసింది.

"ఇంకోటి చెబుతా, తిట్టకు. మొన్నట్నుంచి ఆ మూలనున్న సారా కొట్టు ముందు నుంచి వస్తుంటే కాళ్ళు బరువెక్కుతున్నాయి. కుక్కే అయితే ఇంక దాచేదేముంది, వెళ్ళి తాగొచ్చుగా అనిపిస్తోంది. వెళ్ళలేదు. కానీ అనిపిస్తోంది."

ఆమెకు ఒళ్ళంతా భయం పాకింది. భయం వెనకాలే కోపం వచ్చింది. కోపం ఎవరి మీదో తెలియక, చేతిలో ఉన్న బ్లేడును డబ్బాలోకి విసిరికొట్టింది.

ఆమె మొగుడు పోయిన నాడు, శవం ఇంట్లో ఉండగానే, "తాగి తాగి పోయాడు" అన్నారు. అదే వారం ఎదురింటాయన పోయాడు. డాక్టరు వద్దన్నవన్నీ చాటుగా తిని, కాలు తీసేయించుకుని, చివరికి పోయాడు. ఆయన్ని మాత్రం "చక్కెర మింగేసింది, పాపం" అన్నారు. ఆయన్ని జబ్బు మింగింది. ఈయన మాత్రం తనే తాగి పోయాడు. అక్కడ నేరం జబ్బుది, ఇక్కడ నేరం మనిషిది. ఆ రోజు ఆ తేడా ఆమెకు గుండెలో ముల్లులా గుచ్చుకుంది కానీ, అదేమిటో చెప్పడానికి మాట దొరకలేదు. ఇప్పుడు రెండు చదరాల దూరంలో రెండూ రాసి ఉన్నాయి. చక్కెర జబ్బు ఉన్నవారు రండి. తాగుబోతు బతుకు కుక్క బతుకు. ఒకే ఆసుపత్రి. ఒకే గోడ. రెండూ ఆమె చేతి రంగే.

"ఆ కాగితమిచ్చినాయన ఎక్కడ కూచుంటాడు?" అంది.

"నీకు దణ్ణం పెడతా అక్కా. ఇంకెప్పుడూ పనివ్వరు మనకి."

"ఎక్కడ కూచుంటాడని అడిగాను."

*

ప్రచార అధికారి మేడ మీద గదిలో ఉన్నాడు. బల్ల నిండా కరపత్రాల కట్టలు. మెట్లెక్కుతూ ఆమె అనాల్సిన మాటలన్నీ కూడగట్టుకుంది. అరిచినా సరే, గెంటేసినా సరే అనుకుంది.

"ఏమ్మా? పని అయిందన్నారుగా. ఫోటో కూడా వచ్చింది. ఎరుపు బాగా లేచింది."

"మూడోది మార్చాలి సార్."

"తప్పు పడిందా?"

"అక్షరం తప్పు కాదు సార్. మాటే బాలేదు. పొద్దున ఒకాయన తలుపు దాకా వచ్చి, అది చదివి వెనక్కి పోయాడు. పెళ్ళాం తీసుకొచ్చింది పాపం."

ఆయన చిరాకు పడలేదు. చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "అలాంటి వాళ్ళకి గట్టిగా చెబితేనే ఎక్కుతుందమ్మా. మెత్తగా చెబితే ఎక్కడ వింటారు?"

ఆమె నోరు తెరిచేలోపు ఫోను మోగింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టుకుని గొంతు తగ్గించాడు కానీ గది చిన్నది.

"చెప్పక్కా... బావగారికెలా ఉంది?... అయ్యో... లివరే అంటున్నారా?... ఏదో కాస్త పుచ్చుకునే అలవాటు, అంతే కదా, పాపం... లేదు లేదు, ఎవరికీ చెప్పకు. కామెర్లని చెప్పు. పరువు పోతుంది... నువ్వు ఏడవకక్కా. సాయంత్రం నేనొస్తాగా."

ఫోను పెట్టేసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అద్దాలకు ఏమీ లేదు. తుడుస్తూనే ఉన్నాడు.

"మా బావగారు. బంగారంలాంటి మనిషి" అన్నాడు, ఎవరితోనో అన్నట్టు.

ఆమెకు ఆ క్షణంలో జాలి కలిగింది. ఎక్కడో ఒక అక్క ఏడుస్తోంది, ఒక తమ్ముడు ఇక్కడ అద్దాలు తుడుచుకుంటున్నాడు. అంతలోనే ఆ జాలి మీదే ఆమెకు ఒళ్ళు మండింది. కాస్త పుచ్చుకునే అలవాటట!

"మారుస్తాం సార్" అంది, అడగకుండా.

"మార్చుకోండమ్మా. ఏదో ఒకటి రాయండి." కళ్ళజోడు పెట్టుకున్నాడు. "అది పోయినేడు మ్యాటరే, ఎవరు రాశారో కూడా నాకు తెలీదు. ఫోటో పై ఆఫీసుకి వెళ్ళిపోయింది. ఇంక ఆ గోడ ఎవరూ చూడరు. రంగు మాత్రం మళ్ళీ ఇవ్వలేను."

ఆమె మెట్లు దిగింది. కొట్లాటకు కొంగు బిగించి వెళితే, కొట్లాడటానికి అవతల ఎవరూ లేరు. ఒక మనిషిని గుమ్మంలోంచి తిప్పి పంపిన మాట, తన తమ్ముడి కాళ్ళను సారా కొట్టు వైపు లాగుతున్న మాట, ఆయనకు మాటే కాదు. గోడ ఖాళీగా ఉండకుండా వేసే అడ్డుతెర. ఎవరైనా కసితో రాసి ఉంటే కనీసం వాడినైనా తిట్టేది. వీధిలోకి వచ్చాక అనాల్సిన మాట నోటికొచ్చింది. మీ బావగారిని ఏ గోడ చదివించి లోపలికి తీసుకొస్తారు సార్? మళ్ళీ మెట్లెక్కాలనిపించింది. ఆ ఏడ్చే అక్క గుర్తొచ్చి ఎక్కలేదు.

ఆసుపత్రి దగ్గర నర్సమ్మ ఎదురుపడింది. అక్క ఆవిణ్ణి లాక్కొచ్చి చదరం ముందు నిలబెట్టింది. నర్సమ్మ చదివింది. నోటి మీద చెయ్యి వేసుకుంది.

"మేమంతా వెనక గుమ్మం నుంచి వస్తాం. ఈ గోడ నేను చూడనే లేదు. నిన్న కొత్తవాళ్ళు ముగ్గురు వస్తామన్నారు, ఒక్కరూ రాలేదు. వాన పడిందేమోలే అనుకున్నా."

"వాన పడలేదమ్మా" అంది ఆమె.

*

ఎరుపు మొండిది. ఇంట్లో మిగిలిన తెల్ల రంగంతా తెచ్చి ఒక పూత వేస్తే, మాట గులాబి రంగులో పైకి తేలింది. రెండో పూతకు పలచబడింది కానీ పోలేదు. ఏటవాలుగా ఎండ పడితే కుక్క ఇంకా కనిపిస్తూనే ఉంది. మూడో పూతకు డబ్బా అడుగు గీకింది.

"ఇప్పుడేం రాద్దాం?" అన్నాడు తమ్ముడు. చేతిలో సుద్దముక్క ఉంది.

"నువ్వే చెప్పు. నీకు తెలిసినట్టు నాకు తెలుస్తుందా?"

వాడు గోడ మీద చిన్నగా రాసి, చదివి వినిపించాడు. "మద్యపాన వ్యసనపరులు."

"అది రాస్తే రంగు ఎవరిస్తారు? పైగా అది విని నేనే భయపడ్డాను. దొంగల ముఠా పేరులా ఉంది."

చెరిపాడు. "రోగులు అందామా?"

"నిన్ను రోగి అంటే లోపలికెళ్తావా?"

"వెళ్ళను" అన్నాడు నిజాయితీగా. చెరిపాడు. "సీసాలు రండి" అని రాసి తనే నవ్వాడు. ఆమె నవ్వలేదు. అది కూడా చెరిపేశాడు.

టీకొట్టువాడు రెండు గ్లాసులు పట్టుకుని వీధి దాటి వచ్చాడు. తెల్లబడ్డ చదరం చూసి విషయం కనుక్కున్నాడు.

"దానికింత ఆలోచనేంటి అక్కా. తాగుడు జబ్బు అని రాయండి. అయినా అదేం జబ్బులే! డబ్బు పోసి కొనుక్కునే జబ్బు."

"చక్కెర కొనుక్కోలేదా?" ఆమె గిర్రున తిరిగింది. "పొద్దున్నించి సాయంత్రం దాకా గ్లాసుకు రెండు చెంచాలు పోస్తున్నావు. జబ్బొచ్చిన వాడిని చక్కెర మింగిందంటారు, నిన్నెవడూ ఏమీ అనడు. తాగి జబ్బు తెచ్చుకున్న వాడు మాత్రం కుక్క. ఇంకోటి విను. మా తమ్ముడికి పేరుంది. ఇంకోసారి సీసా అని పిలిచావంటే నీ కొట్టు ముందు గోడ మీద నీకో పేరు రాయిస్తా. ఎరుపుతో రాయిస్తా."

"ఊరికే నవ్వులాటకంటే..."

"ఏడాది నుంచీ నవ్వుతున్నావు. ఇంక చాల్లే."

కొట్టువాడు గ్లాసులు డ్రమ్ము మీద పెట్టి వెళ్ళిపోయాడు. తమ్ముడు గోడకు ముఖం తిప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. నవ్వో ఏడుపో ఆమె చూడలేదు. టీ చల్లారిపోయింది.

గోడకేసి చూస్తూనే వాడు అన్నాడు. "మొదటిసారి ఆ తలుపులోకి వెళ్ళినప్పుడు నర్సమ్మ నీ పేరేంటనలేదు. ఎంత తాగుతావనలేదు. ఏం కావాలి అంది. మానాలని ఉంది, మానలేకపోతున్నా అన్నాను. అంత పెద్ద మాట అప్పటిదాకా ఎవరితోనూ అనలేదక్కా. అది తిట్టు కాదు. పేరు కూడా కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పడం."

"మరదే రాయి. చివర మాత్రం ఆ మొదటి చదరంలో ఉన్నట్టే ఉండాలి."

దారం బిగబట్టారు. టప్పుమంది.

*

మళ్ళీ బుధవారం వచ్చేసరికి ఆఖరి వరస మిగిలి ఉంది. నల్ల రంగు చాలక పక్క వీధి రాతపనివాడి దగ్గర అడిగి తెచ్చారు. తమ్ముడు అంచులన్నీ గీసేశాడు. చేతులు కడుక్కున్నాడు. గోళ్ళు చూసుకున్నాడు. నలుపు ఉంది.

"పోలేదు" అన్నాడు.

"ఉండనీ" అంది ఆమె.

వాడు తలుపు దగ్గర ఒక్కసారి ఆగి, గోడ వైపు చూడకుండా, లోపలికి వెళ్ళాడు. కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది. ఆమె చెక్క మీదికి ఎక్కింది. ఈసారి టోపీలు ముందు నింపలేదు. మొదటి అక్షరం మొత్తం నింపి, రెండో అక్షరానికి వెళ్ళింది. పని నత్తనడక నడిచింది. అయినా ఒక్కో మాటా పూర్తయ్యాకే తర్వాతి మాట ముట్టుకుంది.

"అక్కా."

కింద ఆ పెళ్ళాం నిలబడి ఉంది. ఒక్కతే. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"నీకు చదవడం రాదన్నావు. నర్సమ్మను అడుగుదామని వచ్చా. ఏం రాశారో తెలిస్తే ఆయనకేదో ఒకటి నచ్చజెబుతా. అడిగితే చెప్పడు. ఆ ఊసెత్తితే చాలు, గోడకేసి తిరిగి పడుకుంటున్నాడు."

ఆమె బ్రష్షు డబ్బా అంచు మీద పెట్టి కిందికి దిగింది.

"చదవడం వచ్చమ్మా" అంది. "ఆ రోజు ఉన్నది నీకు చదివి వినిపించడానికి నోరు రాలేదు. అది తీసేశాం. ఇప్పుడిది ఉంది."

వేలు పెట్టి, పచ్చిరంగుకు తగలకుండా, మాట మాటా చదివింది. మధ్యలో ఒకచోట తడబడింది. మళ్ళీ అందుకుంది.

"మానాలని ఉండి మానలేకపోతున్నవారు ఈ తలుపున రండి. కూచుని మాట్లాడుకుందాం."

పెళ్ళాం గోడనే చూసింది. "అంతేనా?"

"అంతే."

"తిట్టు లేదా?"

"లేదు."

"రండి అనే ఉందా? రా అని కాదు?"

"రండి అనే."

"ఆయన్నేనా?"

"ఆయన్నే."

ఇంకోసారి చదవమంది. చదివింది. మూడోసారి ఆమెతో పాటు తనూ అంది, బడిలో పిల్లలా, తల ఊపుకుంటూ. ఆ తర్వాత వెళ్తానని కూడా చెప్పకుండా గబగబా నడిచింది. నెత్తిన నీళ్ళబిందె ఉన్నట్టు, మాట ఒలికిపోతుందేమోనని తల కదపకుండా నడిచింది. పెదాలు మాత్రం కదులుతున్నాయి.

మూల మీద, సారా కొట్టు ముందు ఆగింది. వెనక్కి తిరిగింది. వీధి ఆ కొస నుంచి కేకేసింది.

"అక్కా! మానాలని ఉండి... తర్వాతేంటి?"

మూల కొట్టు ముందు నిలబడ్డ మగవాళ్ళు తలలు తిప్పారు. టీకొట్టువాడు పోస్తున్న గ్లాసు మీదే కెటిల్ ఆపాడు. మొదటి తలుపు ముందు పరగడుపున కూచున్నవాళ్ళు కూడా చూశారు. అక్క ఎవరినీ చూడలేదు. నోటి చుట్టూ చేతులు దొప్పలా పెట్టుకుని, వీధంతా వినేలా, గొంతు చించుకుని అరిచింది.

"మానలేకపోతున్నవారు! ఈ తలుపున రండి!"